తెర పడేదాకా లేవరాదు

మా బాపు పద్నాలుగుసార్లు చచ్చాడు. అన్నిసార్లూ మందమర్రి కార్మికుల క్లబ్బు స్టేజీ మీదనే.

మా దగ్గర బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ, బాయి అంటే బొగ్గు గని. ఏటా చలికాలంలో బాయిలన్నింటికీ రక్షణ పక్షోత్సవాలు జరుగుతాయి. పదిహేను రోజులు పోస్టర్లు, ప్రతిజ్ఞలు, ఉపన్యాసాలు నడిచాక చివరి రోజు సాయంత్రం నాటకాల పోటీ ఉంటుంది. అందరికీ నాటకం ఒకటే. ఎప్పుడో రిటైరైన ఒక గుమాస్తా రాసిపోయింది. ఒక కార్మికుడు తొందరపడి, సపోర్టు పెట్టని కప్పు కిందికి పోతాడు. కప్పు కూలుతుంది. భార్య వచ్చి శవం మీద పడి ఏడుస్తుంది. ఆఫీసరు వచ్చి ఏడు జాగ్రత్తలు చెబుతాడు. తెర. మొత్తం ఇరవై నిమిషాలు, అది దాటితే పోటీలో లేనట్టే. కథ తెలియనివాళ్ళు మా కాలనీలో పాలు తాగే పిల్లలే.

ఆ తొందరపడే కార్మికుడు మా బాపు. నటన చూసి ఇచ్చిన వేషం కాదు అది. ఇంకెవరూ ఒప్పుకోలేదు. శనివారం స్టేజీ మీద చచ్చి సోమవారం మొదటి షిఫ్టుకు బాయి దిగుతానంటే ఏ ఇల్లాలు సద్ది కట్టిస్తుంది? పడుచువాళ్ళు ఆఫీసరు వేషానికి కొట్టుకునేవాళ్ళు. శవం వేషం దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఇంట్లో చుట్టాలు ఉండేవారు.

మా అవ్వ ఒక షరతు మీద ఒప్పుకుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నిజంగానే ఒకసారి బాయిలో కప్పు కూలి, బాపువాళ్ళు పనిచేసే చోటికి దారి మూసుకుపోయింది. అవ్వ మిగతా ఆడవాళ్ళతో కలిసి గేటు దగ్గర నిలబడింది. మర్నాడు పొద్దెక్కాక బాపు తన కాళ్ళ మీద తాను నడిచి బయటికి వచ్చి, ముందు టీ అడిగాడు. ఆ ఏడాదే నాటకంలో వేషం వచ్చింది. అవ్వ అన్న మాట కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"సచ్చుడు నీ ఇష్టమయ్యా. లేచి నడుసుకుంట నా కాడికి వచ్చుడు నా ఇష్టం."

అందుకని మా బాయి నాటకంలో ఏడో జాగ్రత్త అయిపోగానే, తెర పడకముందే, శవం లేచేది. దుప్పటి మడిచి, టోపీ లైటు నెత్తిన పెట్టుకొని, వెనక గదిలోకి కాకుండా ముందు మెట్ల మీదుగా దిగి, ఆడవాళ్ళ వరుసలో కూర్చున్న అవ్వ దగ్గరికి నడిచేది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. మేము మెథడిస్టు చర్చికి పోయేవాళ్ళం. శకునాలు నమ్మరాదని పాస్టరయ్య ఆదివారం ఆదివారం చెబుతాడు. అవ్వ కూడా అదే అంటుంది. "మనం శకునాలు నమ్మం. నువ్వయితే లేచి రా."

ఇక నా సంగతి. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయి ఇంట్లో కూర్చున్న కాలంలో నేను మా ఊరి గ్రంథాలయంలో చేరాను. చేరానంటే ఉద్యోగం అనుకునేరు. ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉండేది, అందులో చేరాను. బీరువాలో పై అర నుంచి మొదలుపెట్టి కింది అర దాకా, వరుస తప్పకుండా చదివాను. తేనెటీగల పెంపకం, మూలశంక నివారణ, వేదాంతం, పంచవర్ష ప్రణాళికలు. నాలుగో అరలో అలంకారశాస్త్రం దొరికింది. దాని మొదటి నలభై పేజీలు చెదలు తిన్నాయి. అందుకే శృంగారం, హాస్యం గురించి నాకు శాస్త్రీయంగా ఏమీ తెలియదు. కరుణ రసం నుంచి మాత్రం ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ చదువుతోనే ఓపెన్‌లో డిగ్రీ గట్టెక్కి, ఇరవయ్యారేళ్ళకు కరీంనగర్‌లో ఎం.ఎ. తెలుగులో చేరాను. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని. హాస్టల్‌లో పిల్లలు నన్ను అక్కా అని పిలిచి, వెనక లైబ్రరీ అక్కా అనేవాళ్ళు. నాకు అది తిట్టులా ఎప్పుడూ వినిపించలేదు.

మొదటి ఏడాది నాటక సాహిత్యం చెప్పే మేడం మాకు ఒక పని పెట్టింది. ఒకే నాటకాన్ని రెండు బృందాలు ఆడితే చూడాలి. రెండింటినీ పోల్చి ఎవరి బ్లాగులో వాళ్ళు రాయాలి. క్లాసంతా వెంటనే ఫోన్లు తీసి వీడియోలు వెతకడం మొదలుపెట్టింది. నేను మాత్రం కాలు మీద కాలేసుకున్నాను. ఒకే నాటకాన్ని పది బాయిలవాళ్ళు ఆడే ఊరు మాది. ఇంతకాలానికి అది ఒక పనికి వచ్చింది.

ఆ చలికాలం రైలెక్కి ఇంటికి పోయి, నోటుపుస్తకం పట్టుకొని క్లబ్బులో కూర్చున్నాను. మొదట మా బాయి ఆడింది, తర్వాత పక్క బాయి.

మా బాయిలో భార్య వేషం వేసేది పంపు ఆపరేటరు. నేను పుట్టినప్పటి నుంచీ ఆయనను పంపు చిచ్చా, అంటే పంపు బాబాయి, అనే పిలుస్తాను. ఆయన ఏడిస్తే రాళ్ళు కరుగుతాయి, కానీ మీసం తీయమంటే తీయడు. "మీసం తీస్తే ఇంట్ల బేగం గుర్తుపడ్తదా?" అని కొంగు ముక్కు దాకా లాక్కొని ఏడుస్తాడు. పక్క బాయివాళ్ళు ఇంకో ఉపాయం చేశారు. కప్పు కూలగానే లైట్లు ఆర్పి, నటుడిని పక్కకు తప్పించి, వరిగడ్డి కుక్కిన గోనెసంచిని దుప్పటి కింద పడుకోబెట్టి, చివరన రెండు బూట్లు పెట్టారు. భార్య వచ్చి ఆవేశంగా సంచి మీద పడేసరికి గడ్డి బయటికి వచ్చింది. ఆమె ఏడుస్తూనే దాన్ని లోపలికి కుక్కింది.

నేను మూడు రోజులు కూర్చుని రాశాను. బ్లాగుకు గ్రంథాలయ గవాక్షం అని పేరు పెట్టాను. ఆ వ్యాసంలో ఇప్పటికీ నాకు నచ్చే వాక్యాలు ఉన్నాయి, దాచుకోవడం ఎందుకు. "మొదటి ప్రదర్శనలో శవం లేచి వెళ్ళిపోయింది. రెండవ ప్రదర్శనలో శవమే రాలేదు. కరుణ రసం రెండు చోట్లా దిక్కులేనిదైంది." శవం లేవడం రసభంగమని ఒక పేరా, గోనెసంచి రసాభాసమని ఒక పేరా, చిచ్చా మీసం గురించి మూడు వాక్యాలు. శవం వేసింది మా బాపు అని రాయలేదు. విమర్శకులకు బంధుత్వాలు ఉండరాదని రెండో అరలో ఎక్కడో చదివాను.

మేడం మంచి మార్కులు వేసింది. కింద ఒక్క ప్రశ్న రాసింది. "ఎందుకు లేచాడో వ్రాయలేదేం?"

నేను జవాబు పెట్టాను. "అది నాటకానికి సంబంధించని విషయం మేడం."

అంత తెలివైన జవాబు మళ్ళీ జన్మలో ఇవ్వలేదు. ఎందుకు లేస్తాడో క్లాసులో నాకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా, శాస్త్రంలో లేదు కాబట్టి లేదనుకున్నాను.

మా పెద్దమ్మ కొడుకు ఆ వ్యాసాన్ని బాయివాళ్ళ వాట్సాప్ గుంపులో పడేశాడు. సంక్షేమ పథకాల మెసేజ్‌లు చూడనివాళ్ళు కూడా దాన్ని చదివారు. తర్వాతి వారం ఇంటికి పోతే ముందు దొరికింది చిచ్చానే.

"ఏం బేటీ, నా మీసం మీద మూడు లైన్లు రాసినవ్, మీ బాపు పేరు ఒక్క జాగల గుడ లేదు. గిదేం ఇన్సాఫ్?"

బాపు నాతో మొత్తం చదివించుకున్నాడు. రసభంగం దగ్గర కూడా తల ఊపాడు. "గిదంత కరీంనగర్ల సదివిన్రా?" అని రెండుసార్లు అడిగాడు. అవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"ఏమే, బాపు లేసుడు తప్పని రాసినవా?"

"తప్పని కాదవ్వా. రసభంగం అని."

"రెండిటికి ఫరక్ ఏంది?"

నలభై పేజీలు పోయిన పుస్తకంలో కూడా దానికి జవాబు ఉండి ఉండాలి. నేను కూడా చిక్కుడుకాయలు తుంచడానికి కూర్చున్నాను.

అంతటితో పోతుందనుకున్నాను. పోటీకి జడ్జీగా కూర్చునే కొత్త ఆఫీసరు కూడా ఆ గుంపులో ఉన్నాడని తెలియదు. ఆయనకు నా వ్యాసం నచ్చింది. నా పాఠకుల్లో దాన్ని ఆచరణలో పెట్టిన వాడు ఆయన ఒక్కడే. మరుసటి ఏడాది పోటీ నిబంధనల కాగితంలో చివరన కొత్తగా ఒకటి కలిసింది. "మరణించిన పాత్రధారి తెర పడేదాకా లేవరాదు. గడ్డి సంచులు వాడరాదు. అతిక్రమించిన బృందం పోటీకి అనర్హం."

నా వాక్యాలు మొదటిసారి అచ్చులో చూసుకున్నాను. సంతోషం ఒక పూట నిలిచింది.

ఎందుకంటే అది బాపుకు ఆఖరి ఏడాది. మార్చిలో రిటైర్మెంటు. మా బాయికి నాటకంలో ఒక్కసారి కూడా షీల్డు రాలేదు. రెండో బహుమతి కింద ఇచ్చిన గోడ గడియారాలే క్యాంటీన్ నిండా ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క టైము చూపిస్తూ. బాపుకు షీల్డు కావాలి. "రిటైరైనంక క్యాంటీన్ల టీ తాగవోతే, గా షీల్డు సూపెట్టి గిది నేను సస్తే వచ్చిందని చెప్పాలె," అనేవాడు. ఈసారి కూడా వేరే ఎవరూ శవం వేయరు. బాపు లేస్తే షీల్డు పోతుంది. లేవకపోతే అవ్వ ఊరుకోదు.

"తెర పడంగనే లేస్తనే. రెండు నిమిషాలు ఫరక్," అన్నాడు బాపు.

"తెర ఎనుక లేస్తే నాకెట్ల కనవడ్తది?"

"కనవడకుంటే ఏమైతది? శకునాలు నమ్మం అంటివి కద."

"నమ్మను. నాకు కనవడాలె, గంతే."

తర్వాత ఇద్దరూ నావైపు చూశారు. నాకు హఠాత్తుగా నీళ్ళు పట్టాల్సిన పని గుర్తుకొచ్చి బయటికి పోయాను.

రిహార్సల్స్ వారం రోజులు నడిచాయి. లేవకుండా పడుకోవడం బాపుకు ఎప్పుడూ అలవాటు లేదు. మొదటి రోజు మూడో జాగ్రత్త దగ్గరే దుప్పటి తీశాడు. రెండో రోజు షిఫ్టు నుంచి నేరుగా వచ్చి పడుకున్నాడేమో, గురక పెట్టాడు. చిచ్చా ఏడుపు ఆపి, "భయ్యా, సచ్చినోడు గింత సుఖంగ పంటడా? మాకు గుడ జాగ ఇయ్యి, పక్కకు జరుగు," అన్నాడు. చివరికి దుప్పటి అంచు పంటితో కరిచి పట్టుకుంటే నిద్ర రాదని బాపే కనిపెట్టాడు.

పోటీ రోజు సాయంత్రం క్లబ్బు నిండిపోయింది. కొత్త నిబంధన సంగతి అందరికీ తెలుసు. ఎవరు రాయించారో కూడా తెలుసు. నేను రెండో ఏడాది వ్యాసం కోసం నోటుపుస్తకం, టైము చూడటానికి ఫోను పట్టుకొని నాలుగో వరుసలో కూర్చున్నాను. అవ్వ ముందు వరుసలో, మెట్లకు దగ్గరగా కూర్చుంది. ఇంట్లో ఒక్క మాట కూడా అనకుండా వచ్చింది. అప్పుడే అనుమానం రావాల్సింది.

పక్క బాయివాళ్ళు ముందు ఆడారు. ఈసారి సంచి లేదు, ఒక పడుచు పిల్లగాడు నిబంధన ప్రకారం తెర పడేదాకా కదలకుండా పడుకున్నాడు. తర్వాత మా వంతు. బాపు అద్భుతంగా చచ్చాడు. పద్నాలుగేళ్ళ అనుభవం ఊరికే పోదు. దుప్పటి కప్పారు. చిచ్చా కొంగు లాక్కొని ఏడిచాడు. ఆఫీసరు వేషగాడు జాగ్రత్తలు మొదలుపెట్టాడు. అయిదో జాగ్రత్త దగ్గర అవ్వ తన కుర్చీలో లేదు. చెప్పుల కోసమో, మంచినీళ్ళ కోసమో పోయిందనుకున్నాను.

ఏడో జాగ్రత్త అయిపోయింది. తెర రాలేదు.

ఆఫీసరు వేషగాడు ఏడో జాగ్రత్త మళ్ళీ చెప్పాడు. తెర రాలేదు. ఆయన భయపడి మొదటి జాగ్రత్త నుంచి మళ్ళీ అందుకున్నాడు. స్టేజీకి ఎడమ పక్క, ఏటా తెర తాడు లాగే క్యాంటీన్ మనిషి రెండు చేతులూ కట్టుకొని నిలబడి ఉన్నాడు. తాడు మా అవ్వ చేతిలో ఉంది.

తెర పడేదాకా బాపు లేవరాదు. బాపు లేచేదాకా అవ్వ తెర వేయదు. కాగితంలో తెర ఎప్పుడు పడాలో రాయలేదు. నా వ్యాసంలోనూ లేదు.

తెర పడేదాకా భార్య ఏడుపు ఆపకూడదు కదా. చిచ్చా దగ్గర ఉన్న మాటలు అయిపోయాయి. అయినా ఆయన ఆగలేదు. "నా రాజా, మన క్వార్టర్ కప్పు గుడ కురుస్తున్నది రాజా, అర్జీ పెట్టి ఆర్నెల్లాయె రాజా, నల్లా నీళ్ళు దినం తప్పిచ్చి దినం వస్తున్నయ్ రాజా." క్వార్టర్లు చూసే ఆఫీసరు ముందు వరుసలోనే ఉన్నాడు. జనం ఈలలు వేశారు. ఇంకా ఏడువు చిచ్చా, మురికి మోరీల సంగతి గుడ చెప్పు అని వెనక నుంచి అరుపులు.

దుప్పటి కింద నుంచి బాపు గొంతు వచ్చింది. స్టేజీ పైన మైకు వేలాడుతోంది కాబట్టి అందరికీ వినిపించింది.

"తెర ఎయ్యే."

"నువ్వు లే."

"నేను సచ్చిన."

"సస్తే సస్తివి. లే."

"రూలు ఉన్నదే!"

"ఎవడు వెట్టిండు గా రూలు?"

"నీ బిడ్డనే రాసిందాయె!"

క్లబ్బు క్లబ్బంతా నావైపు తిరిగింది. నేను అనేక సభల్లో మాట్లాడినట్టు ఊహించుకున్నదాన్నే, ఇలాంటి సభ ఊహించలేదు.

అవ్వ తాడు వదలకుండా తల బయటికి పెట్టింది. "ఏమే, సదువుకున్నదానివి, నువ్వే చెప్పు. మీ బాపు లేవాల్నా వద్దా?"

అవ్వ మొహంలో హాస్యమేమీ లేదు. గేటు దగ్గర నిలబడ్డప్పుడు ఆ మొహాన్ని ఒకసారి చూశాను. నేను ఫోను చూశాను.

"బాపూ, ఇరవైనాలుగు నిమిషాలయింది. టైము ఎప్పుడో దాటింది. షీల్డు ఎట్లాగూ పోయింది. లే."

దుప్పటి ఒక్క ఊపులో ఎగిరిపోయింది. "గంత సేపటి నుంచి సెప్పకుంట ఏం జేస్తున్నవే?"

"రాసుకుంటున్న."

బాపు లేచాడు. దుప్పటి మడవలేదు, టోపీ లైటు మరిచిపోయాడు. కోపంతో కాళ్ళు చప్పుడు చేసుకుంటూ ముందు మెట్లు దిగాడు. అవ్వ తాడు క్యాంటీన్ మనిషికి అప్పజెప్పి, అటువైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. బాపు నేరుగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "అయిందా?" అన్నాడు. అవ్వ పక్క కుర్చీ మీద ఉన్న సంచి తీసి జాగా ఇచ్చింది. ఆ తర్వాత తెర పడింది.

షీల్డు పక్క బాయికి పోయింది. శవం వేసిన ఆ పిల్లగాడు మిగతావాళ్ళతో కలిసి షీల్డు పట్టుకొని ఫోటో దిగాక, పక్క మెట్లు ఉండగా ముందు మెట్ల మీదుగా దిగి, చంకలో బిడ్డతో నిలబడి ఉన్న తన భార్య దగ్గరికి పోయాడు. ఆమె అతని వీపు మీద గట్టిగా ఒక్కటి వేసింది. జడ్జీ ఆఫీసరు అదంతా చూశాడు. చేతిలో నిబంధనల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఏమనుకున్నాడో నేను అడగలేదు. అడిగితే మళ్ళీ బ్లాగు గురించి మాట్లాడతాడేమోనని భయం.

బాపు రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. నాతో కూడా మాట్లాడలేదు, కానీ నేను రాస్తున్నప్పుడు వెనక నిలబడేవాడు. మూడో రోజు నోరు విప్పాడు.

"బాపు ఎన్ని నిమిషాలు కదలకుంట పండిండని రాసినవ్?"

"తొమ్మిది."

"పదకొండు. ఫోను సూసుకో."

అప్పుడే టీకి వచ్చిన చిచ్చా ఊరుకోలేదు. "నేనే పదమూడు నిమిషాలు ఏడ్సిన భయ్యా. ఎవని మీద పడి ఏడ్సిన్నట, గోడ మీద పడా?"

ఇద్దరూ చలికాలం ఎండలో స్టూళ్ళు వేసుకొని దాని మీద గంటసేపు కొట్లాడారు. షీల్డు పోయిన ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. పడుకున్న నిమిషాలైనా కరీంనగర్‌కు సరిగ్గా చేరాలని బాపు పట్టుదల.

వంటింట్లో నుంచి అవ్వ అన్నది: "మీరు ఎన్నన్న ఏసుకోన్రి. లేచి వచ్చిండని మాత్రం మంచిగ కనవడేటట్టు రాయుమను."

వ్యాసం మొదటి వాక్యం అదే పెట్టాను. ఎందుకు లేచాడో రెండో వాక్యం నుంచి రాశాను, గేటు దగ్గర నిలబడ్డ రోజు నుంచి. రసభంగం అన్న మాట వాడలేదు. నిమిషాల దగ్గర పదకొండు అని వేశాను. పదమూడు అని దిద్దమని చిచ్చా ఇంకా మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు.